ఒడ్డున కంచు మోత

ఓడను మొదట చూసింది మేకలు కాసేవాళ్ళు. వాళ్ళ కేకలు కొండ దిగేలోపే ఫెర్నా ద్వీపంలో సగం ఇళ్ళు ఖాళీ అయిపోయాయి. మూడేళ్ళుగా సరైన తిండి లేక నీరసించిన జనం, అంత చురుగ్గా కదలడం చూస్తే ఎవరైనా పండగే అనుకుంటారు. కాకపోతే ఆడవాళ్ళ చేతుల్లో కంచు గిన్నెలున్నాయి, మగవాళ్ళ చేతుల్లో రాళ్ళు రువ్వే వడిసెలలున్నాయి.

ఫిలిన్న అప్పుడు గుట్ట వాలున అడవి గడ్డలు తవ్వుతోంది. అవి ఉడికించినా చేదే, కాల్చినా చేదే. అయినా కడుపు నిండినట్టు కాసేపు భ్రమ కలిగిస్తాయి. పక్కింటి ముసలమ్మ క్లెయినో రొప్పుకుంటూ ఆమె దగ్గరకు వచ్చింది.

"ఇంకా తవ్వుతూ కూర్చున్నావేంటమ్మాయ్! ఓడొచ్చింది. మనదేనంట. దాని ముక్కు మీద గీసిన ఎర్ర కన్ను కనబడతా ఉందంట."

"ఏ ఓడ అత్తా?"

"ఏ ఓడేంటి నా మొహం! మీ ఆయన ఎక్కిపోయిన ఓడ. లే, ఇంటికెళ్ళి గిన్నె తెచ్చుకో. మట్టిది తెచ్చేవు, కంచుది తీసుకురా."

ఫిలిన్న చేతిలోని గునపం కింద పెట్టి, మట్టి దులుపుకుని లేచింది.

మూడు వేసవుల కిందట వానలు మొహం చాటేశాయి. ద్వీపంలో నోళ్ళు ఎక్కువ, పొలాలు తక్కువ. డెల్ఫీ గుడికి మనుషులను పంపి దేవుణ్ణి అడిగితే, కొందరిని సముద్రం దాటించి లిబియాలో కొత్త ఊరు కట్టుకోమన్నాడు. ఇద్దరు అన్నదమ్ములున్న ప్రతి ఇంటి నుంచి ఒకరు వెళ్ళాలని తీర్మానించారు. ఎవరు వెళ్ళాలో తేల్చడానికి సంచిలో ఒక నల్ల చిక్కుడు గింజ, ఒక తెల్ల గింజ వేసి చెయ్యి పెట్టమన్నారు. ఫిలిన్న మొగుడు తెలోన్ చేతికి నల్లది వచ్చింది. తమ్ముడు దామిస్‌కి తెల్లది మిగిలింది. వెళ్ళేవాళ్ళు భార్యలను వెంట తీసుకుపోకూడదు. అయిదేళ్ళు గడిచి ఊరు నిలబడితే అప్పుడు పిలిపించుకోవచ్చు, నిలబడకపోతే అప్పుడు తిరిగి రావచ్చు. ఈలోగా మాత్రం తిరిగి రాకూడదు.

వాళ్ళు బయలుదేరే రోజున ఊరంతా కలిసి మైనపు బొమ్మలు చేసి నిప్పులో వేశారు. ఈ మాట తప్పినవాడు, వాడి ఇల్లు, వాడి సంతానం ఇలాగే కరిగిపోవాలని ఆడా మగా పిల్లా పెద్దా అందరూ అన్నారు. ఫిలిన్న కూడా అంది. మైనం కరుగుతుంటే తేనె వాసన వచ్చింది. ఆ వాసనకు అందరి నోళ్ళూ ఊరాయి.

అయిదేళ్ళలోపు ఓడ తిరిగొస్తే రాళ్ళతో కొట్టి తరమాలి. అది పాత ఆచారమే. తాతల కాలంలో ఒకసారి ఇలాగే పంపినవాళ్ళు ఏడాదికే తిరిగొచ్చారట. ఒడ్డున నిలబడ్డవాళ్ళకు ఓడలో నుంచి కొడుకుల గొంతులు, తమ్ముళ్ళ గొంతులు వినిపించాయి. చేతుల్లో రాళ్ళు చేతుల్లోనే ఉండిపోయాయి. అందరినీ దిగనిచ్చారు. ఆ చలికాలంలో తిండి చాలక దిగినవాళ్ళూ పోయారు, దిగనిచ్చినవాళ్ళూ పోయారు. మిగిలిన పెద్దలు తల పట్టుకుని ఆలోచించి, ఈసారి ఆచారానికి ఇంకొకటి కలిపారు. మగవాళ్ళు రాళ్ళు విసురుతున్నంతసేపూ ఆడవాళ్ళు కంచు మోగిస్తూ ఉండాలి. ఓడలో వాళ్ళ మాట ఒక్కటి కూడా ఒడ్డుకు చేరకూడదు, విన్నవాళ్ళు మాట తప్పినవాళ్ళ కిందే లెక్క. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆకలి సంగతి బాగా ఎరిగినవాళ్ళు చేసిన ఏర్పాటది.

ఫిలిన్న ఇంటికి వెళ్ళేసరికి దామిస్ గుమ్మంలో కూర్చుని వడిసెల తోలు తడుపుతున్నాడు. ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఆమె తరపున సంతకు వెళ్ళాలన్నా, సభలో నోరు విప్పాలన్నా మరిదే దిక్కు. ద్వీపంలో అతన్ని మించిన గురికాడు లేడు. ఎగిరే పావురాన్ని కొట్టేవాడు. ఎగిరే పావురాలు ఉన్న రోజుల్లో.

"నువ్వు ఇంట్లో ఉండు వదినా. ఒంట్లో బాగోలేదని చెప్తాలే."

"ఇంటికొక ఆడమనిషి రావాలన్నారుగా. ఈ ఇంట్లో నేనేగా ఉంది."

దామిస్ తోలును అటూ ఇటూ లాగి చూశాడు. "అన్న ఉండడులే అందులో. ఉండి ఉంటే రానివ్వడు. మాటంటే మాటే మనిషి."

"ఉంటేనో?"

"ఉంటే తల వంచుకుని కూర్చుంటాడు. రాళ్ళు పడతాయని తెలియనోడా?"

ఆమె గూట్లో నుంచి కంచు గిన్నె, గరిటె తీసుకుంది. ఆ గిన్నెలో పప్పు ఉడికి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఒడ్డుకు దిగారు.

రేవు దగ్గర ఊరి పెద్ద నికాండ్రస్ బండ ఎక్కి నిలబడ్డాడు. నలుగురిలోకి పెద్దవాడు, దేవుడి వాక్కు తెచ్చినవాడు. ఆయన ఇద్దరు కొడుకుల్లో ఒకడు ఆ ఓడలోనే వెళ్ళాడు. అందుకే ఆయన మాటకు ఎదురు చెప్పేవాడు లేడు.

"వినండర్రా! ఓడ బాణం అందేంత దూరం రాగానే మొదలెట్టండి. చెయ్యి ఆపొద్దు. ఆపిన చెయ్యి ఎవరిదైనా సరే, మా ఇంటిదైనా సరే, అది మాట తప్పిన చెయ్యే. మోగించండి!"

మోత మొదలైంది. గిన్నెలు, పళ్ళేలు, దీపపు స్తంభాలు, ఒకామె అయితే మొగుడి పాత శిరస్త్రాణం తెచ్చి రాయితో బాదింది. ఆ చప్పుడుకు కొండ మీది మేకలు చెల్లాచెదురయ్యాయి. క్లెయినో పళ్ళు బిగించి బాదుతోంది. ఆమె మనవడు వెళ్ళినవాళ్ళలో ఉన్నాడు.

ఓడ దగ్గరైంది. తెరచాప దించేసి తెడ్లు వేస్తున్నారు. అంచున నిలబడ్డ మనిషి నల్లబడ్డాడు, గడ్డం పెంచాడు. కానీ బరువంతా ఎడమ కాలి మీద వేసి, కుడి భుజం కాస్త కిందికి వదిలి నిలబడే పద్ధతి మూడేళ్ళకు మారేది కాదు. ఫిలిన్న అతన్ని చూడగానే పోల్చుకుంది. గరిటె గిన్నె మీద పడుతూనే ఉంది, ఆ చెయ్యి తనదో కాదో ఆమెకు తెలియలేదు.

తెలోన్ నోరు పెద్దగా తెరిచి అరుస్తున్నాడు. ఒక్క ముక్కా వినబడలేదు. అది అతనికీ అర్థమైనట్టుంది. వంగి, కాళ్ళ దగ్గరున్న మూటలోంచి దోసెడు ఏదో తీశాడు, చేతులు పైకెత్తి గాలిలోకి వదిలాడు. పసుపు రంగు పొడిలాంటిది గాలికి ఒడ్డు వైపు ఎగిరింది. మళ్ళీ వంగాడు, మళ్ళీ దోసిలి ఎత్తి వదిలాడు.

"దుమ్ము పోస్తున్నాడు!" నికాండ్రస్ బండ మీద గంతు వేశాడు. "మన మీద దుమ్మెత్తి పోసి శపిస్తున్నాడు! ఏం చూస్తన్నారు, కొట్టండి!"

ఫెర్నాలో శపించేవాడు పొలం మట్టి దోసిట పట్టి శత్రువు ఇంటి వైపు ఎగరేస్తాడు. కాబట్టి ఆ మాటను ఎవరూ అనుమానించలేదు. వడిసెలలు గిరగిరా తిరిగాయి. మొదటి రాళ్ళు నీళ్ళలో పడ్డాయి, తర్వాతవి తెడ్లకు తగిలాయి.

ఫిలిన్న గరిటె ఆపింది. ఎందుకు ఆపావని తర్వాత ఎందరో అడిగారు, రకరకాల కారణాలు వాళ్ళే చెప్పారు. అసలు కారణం చిన్నది. అతని గొంతు ఒక్కసారి వినాలనిపించింది, అంతే. గిన్నెను పొట్టకు ఆనించి, మెడ ముందుకు సాచి, గాలి ఒడ్డు వైపు విసిరిన క్షణంలో ఊపిరి బిగబట్టి వింది.

"...బార్లీ! బార్లీ తెచ్చాం! మీకే! దింపేసి పోతాం!"

గొంతు బొంగురుపోయి ఉంది. అయినా అతనిదే.

ఆమె గిన్నె వదిలేసింది. "బార్లీ అంట! తిండి గింజలు! ఆపండి!" అని అరిచింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె నోరు కదలడం చూశారు. భర్తను చూసి ఏడుస్తోందనుకున్నారు, పాపం అనుకుని ఆ ఏడుపు కూడా ఎవరికీ వినబడకుండా ఇంకాస్త గట్టిగా బాదారు. ఆమె ఎంత గట్టిగా అరిస్తే వాళ్ళు అంత గట్టిగా బాదారు. ఆమె నీళ్ళ అంచుకు, మగవాళ్ళ వరుసలోకి పరిగెత్తి దామిస్ మోచెయ్యి పట్టుకుంది. అప్పటికే వడిసెల ఖాళీ అయింది.

అంచున నిలబడ్డ మనిషి కనబడకుండా పోయాడు.

ఓడ తిరిగింది. గాలి ఒడ్డు మీదికి తోస్తోంది, బండలకు కొట్టుకునేలా ఉంది. బరువు తగ్గించుకోవడానికి లోపలివాళ్ళు మూటలు ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి దొర్లించారు. రాళ్ళు ఆగలేదు. తెడ్లు కష్టం మీద ఓడను లోతు నీళ్ళలోకి లాక్కుపోయాయి. తెరచాప లేచింది, ఎర్ర కన్ను అటు తిరిగిపోయింది.

"మాట నిలిచింది," అన్నాడు నికాండ్రస్. ఆయన బండ దిగుతుంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

తెల్లారేసరికి అలలు మూటలను ఒడ్డుకు చేర్చాయి. మేకతోలు సంచులవి, మూతులు గట్టిగా కట్టి ఉన్నాయి. కొన్ని పగిలి ఇసుక మీద బార్లీ గింజలు పరచుకున్నాయి. లిబియా నేలలో పండిన గింజలు, లావుగా, బంగారు రంగులో. జనం చుట్టూ మూగారు. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేదు. ఒక ముసలాయన వంగి గుప్పెడు తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి వదిలాడు. నిన్న గాలిలో ఎగిరినట్టే ఎగిరాయి. పసుపు రంగు పొడిలా. అందరూ చూశారు.

కానీ ఎంతసేపని నిలబడతారు? కడుపులున్నాయి కదా. నికాండ్రస్ గొంతు సవరించుకున్నాడు.

"సముద్రం ఒడ్డుకు తోసింది సముద్ర దేవుడి సొమ్ము. మనం ఒట్టు పెట్టుకుంది మనుషుల గురించి. మూటల గురించి కాదు."

అంత చక్కటి తీర్పు ఆయన జన్మలో చెప్పి ఉండడు. మధ్యాహ్నానికల్లా బావుల దగ్గర ఆడవాళ్ళు గింజల ఉప్పు కడుగుతున్నారు, తిరగళ్ళు మూలుగుతున్నాయి, పొయ్యిల మీంచి మరిచిపోయిన వాసనలు లేస్తున్నాయి. ఎంత కడిగినా రొట్టెల్లో ఉప్పు పోలేదు. ఎవరూ వంక పెట్టలేదు.

మూడు రొట్టెలు తిన్నాక క్లెయినోకు భయం పట్టుకుంది. ఇంత తిండి ఊరికే వస్తుందా? మైనపు బొమ్మలు ఊరికే కాల్చామా? ఎవరో ఒకరు మాట తప్పారు, ఆ పాపం అందరి నెత్తినా పడుతుంది. ఎవరు తప్పారో ఆమె కళ్ళారా చూసింది. ఫిలిన్న అంటే ఆమెకు ప్రేమే. అయినా వెళ్ళి నికాండ్రస్‌తో చెప్పి వచ్చింది, వచ్చాక గోడకు ఒరిగి ఏడ్చింది.

సభ మర్నాడని కబురు వచ్చింది. దామిస్ రొట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు, ముట్టలేదు.

"అది అన్నే అంటావా?"

"గొంతు తెలియదా నాకు?"

"నేను చూళ్ళేదు వదినా. వడిసెల తిప్పేటప్పుడు మనిషి కనబడడు. తగలాల్సిన చోటే కనబడుద్ది."

"నువ్వు మంచి గురికాడివి," అంది ఫిలిన్న. ఎత్తిపొడుపు లేదు, ఉన్న మాట అన్నట్టే అంది. అది అతనికి ఇంకా బాధగా తగిలింది.

"రాయి భుజానికి తగిలుండొచ్చు."

"తగిలుండొచ్చు."

"వాళ్ళల్లో కట్టు కట్టేవాడు ఉంటాడుగా."

ఆమె పొయ్యిలో నిప్పు కప్పింది. దామిస్ రొట్టెను పక్కకు జరిపాడు. "రేపు సభలో నేనే మాట్లాడతా. ఎండకు కళ్ళు తిరిగి గిన్నె జారిపోయింది, ఏం వినలేదని చెప్తా. నీ తరపున మాట్లాడేది నేనేగా, నిన్నెవరూ ప్రమాణం అడగరు. నువ్వు నోరు విప్పకుండా ఉంటే చాలు."

"విన్నానని తేలితే ఏం చేస్తారు?"

"గెంటేస్తారు. రేవులో మొదట ఏ పరాయి పడవుంటే అందులో ఎక్కించి పంపేస్తారు."

"ఎక్కడికి?"

"ఎక్కడికైతే వాళ్ళకేంటి?"

రేవులో అప్పుడు ఉన్నది ఒకే ఒక పరాయి పడవ. ఊదా రంగు తీసే నత్తల కోసం ఏటేటా సముద్రం దాటే క్రీట్ ద్వీపం వాడిది. చుక్కాని బాగు చేసుకోవడానికి ఆగాడు. ఈ ఎండలు తగ్గేలోపు అతను లిబియా ఒడ్డుకు పోతాడని ఊరందరికీ తెలుసు. దామిస్‌కి ఆ సంగతి ఆ క్షణంలో తట్టలేదు. ఫిలిన్నకు తట్టింది. ఆమె అతని ముందున్న రొట్టెను మళ్ళీ దగ్గరకు జరిపి, తినమంది.

సభ ఒడ్డు పైనున్న చదునులో కూడింది. మగవాళ్ళు రాళ్ళ మీద కూర్చున్నారు. చాలామంది బుగ్గల్లో ఇంకా రొట్టె ముక్కలున్నాయి. ఫిలిన్న మరిది వెనక, తల మీద గుడ్డ కప్పుకుని నిలబడింది. నికాండ్రస్ మొహం రెండు రోజుల్లో పదేళ్ళు ముదిరింది.

దామిస్ లేచి అనుకున్నదంతా చెప్పాడు. ఎండ, కళ్ళు తిరగడం, గిన్నె జారడం. బాగానే చెప్పాడు. జనం తలలూపారు. నిజానికి ఎవరికీ ఆమెను గెంటాలని లేదు. తింటూ ఉన్నప్పుడు ఎవరినీ గెంటబుద్ధి కాదు. నికాండ్రస్ కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే ఈ ఇంటి ఆడమనిషి ఏమీ వినలేదు. ఇంతటితో..."

"విన్నాను," అంది ఫిలిన్న.

దామిస్ గిరుక్కున తిరిగాడు. "వదినా!"

"ఆడది సభలో నోరెత్తకూడదు," అన్నాడు నికాండ్రస్. గొంతులో కోపం కంటే బతిమాలుకోవడమే ఎక్కువగా ఉంది. "నీ మరిది చెప్పాడు. అయిపోయింది. ఇంటికి పో తల్లీ."

"నా చెవులు మా మరిదివి కావు. నేనే గిన్నె ఆపాను. నేనే విన్నాను."

వెనక వరసలో ఎవడో కుర్రాడు ఉండబట్టలేక, "ఏం విన్నావేంటి?" అని అడిగాడు.

"అడక్కురా!" నికాండ్రస్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "బుద్ధుందా? అడిగి విన్నావంటే నువ్వూ విన్నవాడివే! రేపు నిన్నూ పంపాలి!"

కుర్రాడు చెవులు మూసుకున్నాడు. పక్కవాడూ మూసుకున్నాడు. ఫిలిన్న చెప్పడానికే నోరు తెరిచింది. రెండు మాటలు, అంతే. కానీ ఒకడు అరచేత్తో రాతి మీద చరచడం మొదలెట్టాడు, ఇంకొకడు అందుకున్నాడు, చూస్తుండగానే సభ అంతా తొడలూ రాళ్ళూ కర్రలూ చరుస్తోంది. అందరికీ తెలుసు ఆమె ఏం చెబుతుందో. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న గింజలే చెప్పాయి. అయినా చెవితో వినడం వేరు, అది మాట తప్పడం అవుతుంది.

ఆమెకు నవ్వూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది. కాసేపు చూసి, నోరు మూసుకుంది. మోత ఆగింది. ఆ తర్వాత తీర్పుకు ఎంతోసేపు పట్టలేదు.

మర్నాడు పొద్దున క్రీట్ వాడి పడవ సిద్ధమైంది. గెంటివేతకు గురైనవాళ్ళు పడవ ఎక్కేటప్పుడు ఊరివాళ్ళు వీపు తిప్పి నిలబడాలి. అందరూ తిప్పి నిలబడ్డారు. క్లెయినో మాత్రం అలా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, చెయ్యి వెనక్కి చాచి, రొట్టెల మూట అందించింది.

"తిను దారిలో," అంది సముద్రానికి వీపు పెట్టి. "నా మనవడు కనబడితే... ఏం లేదులే. తిను."

దామిస్ ఒక్కడే వీపు తిప్పలేదు. ఆమె బట్టల మూట మోసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి, పడవలో పెట్టాడు. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నీకు ముందే తెలుసు కదూ, వీడు అటే పోతాడని."

"తెలుసు."

"మరి అన్న... ఒకవేళ..."

"ఒకవేళ లేకపోతే ఎక్కడ పూడ్చి పెట్టారో చూస్తా," అంది ఫిలిన్న. రొట్టెల మూటను చంకలోకి సర్దుకుని, "ఉంటే ఏం చెప్పమంటావు?" అని అడిగింది.

క్రీట్ వాడు విసుగ్గా తెడ్డుతో పడవ పక్కను తట్టాడు.

"అయిదేళ్ళు నిండేదాకా రావొద్దని చెప్పు వదినా. వస్తే మళ్ళీ కొట్టాల్సొస్తది."

"బార్లీ తెచ్చినా?"

"ఏం తెచ్చినా అంతే." అతను నీళ్ళ వైపు చూశాడు. తర్వాత ఏదో దారి దొరికినట్టు తలెత్తాడు. మొహంలో మూడు రోజుల తర్వాత మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది. ఎంతో ప్రేమగానే అన్నాడు. "పోనీ, దూరంగా నిలబడి సముద్రంలో పారేసి పొమ్మను. మేం ఏరుకుంటాం."

ఫిలిన్న మరిది మొహంలోకి చూసింది. ఎగతాళి ఏమీ లేదు అందులో.

"బతికుంటే చెప్తాలే," అంది, పడవలో కూర్చుని.